రెండు ఫైళ్ళ నడుమ దళిత వికలాంగులు

కేంద్ర ప్రభుత్వం దగ్గర దళితులకొక ఫైలుంది, వికలాంగులకొక ఫైలుంది. రెండూ సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వశాఖలోనే ఉన్నాయి. 2012లో వికలాంగుల కోసం అక్కడే విడిగా ఒక విభాగం కూడా పెట్టారు. ఒకే కప్పు కింద ఉన్న ఈ రెండు ఫైళ్ళూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. దళితుడే వికలాంగుడైతే, వికలాంగురాలు దళిత స్త్రీ అయితే ప్రణాళిక ఏం చెయ్యాలన్నది అధికారుల ఆలోచనలోకే రాలేదు.

లెక్కలు లేక కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు, జనాభాలో 2.21 శాతం. షెడ్యూల్డు కులాల్లో ఇది 2.45 శాతం. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళలో 2.18 శాతం. తేడా ఏ పాటిది అనొచ్చు. కానీ ఈ తేడాని రక్తంలో వెతికితే దొరకదు. రాళ్ళ క్వారీలోకి, మ్యాన్‌హోల్లోకి దిగేదెవరో చూడాలి. నల్లగొండ ఫ్లోరైడు నీళ్ళు కులం అడిగి ఎముకలు వంచలేదు, నిజమే. కానీ వేరే నీళ్ళు కొనుక్కోగలిగిందెవరు? ఊరొదిలి పోగలిగిందెవరు?

2006 జాతీయ విధానం వికలాంగ స్త్రీలకూ, పిల్లలకూ విడిగా చోటిచ్చింది. 2016 చట్టం నాలుగో సెక్షను కూడా అదే పని చేసింది. మరి కులం? 24వ సెక్షను పథకాలు తయారు చేసేటప్పుడు వైకల్యంలోని తేడాల్నీ, లింగాన్నీ, వయసునీ, సామాజిక ఆర్థిక స్థితినీ గమనించాలంటుంది. కులం అన్న ఒక్క మాట రాయాల్సిన చోట 'సామాజిక ఆర్థిక స్థితి' అని సరిపెట్టింది. కేంద్ర సలహా మండలిలో సంఘాల తరఫున వచ్చే పదిమందిలో కనీసం ఒక ఎస్సీ, ఒక ఎస్టీ ఉండాలని మాత్రం రాశారు. కుర్చీ దగ్గర గుర్తొచ్చిన కులం, 37వ సెక్షను కింద భూమి, ఇళ్ళ పథకాల్లో 5 శాతం పంచే చోట గుర్తు రాలేదు. ఆ 5 శాతంలో దళితుల వాటా ఎంతో ఆ సెక్షను చెప్పదు.

ఉద్యోగాలూ అంతే. 1995 చట్టం 3 శాతం ఇచ్చింది, 2016 చట్టం 4 చేసింది. మంచిదే. కానీ కేంద్ర ఉద్యోగాల్లో ఈ కోటా లోపల దళితులకు విడి వాటా లేదు. చూపులేని మాదిగ కుర్రాడు చూపులేని అగ్రకులం కుర్రాడితోనే పోటీ పడాలి. గెలిస్తే అతన్ని ఎస్సీ పాయింటు కింద చూపిస్తారు. 2020లో చండీగఢ్ ఆర్ట్స్ కాలేజీ ప్రవేశాల కేసులో సుప్రీంకోర్టు, ఎస్సీ ఎస్టీలకిచ్చే సడలింపే వికలాంగులకూ ఇవ్వాలంది. 40 మార్కుల చోట 35 చాలు. న్యాయమే. ఆ ఇద్దరూ ఒకే మనిషి అయితే? అప్పుడూ 35 మార్కులే!

ఇంకా బాధ పెట్టేది 2021 ఏప్రిల్ నాటి తీర్పు. కేసు ఆంధ్రప్రదేశ్‌ది. పుట్టుకతో చూపులేని షెడ్యూల్డు కులపు యువతి మీద 2011లో అత్యాచారం జరిగింది. కులం, లింగం, వైకల్యం పెనవేసుకుని ఒక మనిషిని ఎట్లా అణుస్తాయో సుప్రీంకోర్టు పేజీలకు పేజీలు రాసింది. చదువుతుంటే మన వ్యాసాల్లో మాటలేనా అనిపిస్తుంది. జీవిత ఖైదు ఖాయం చేసింది. అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. ఆమె దళితురాలైనందువల్లే నేరం జరిగిందనడానికి సాక్ష్యం లేదంది. అప్పటి చట్టంలో ఉన్న మాట అది. 2016 జనవరి నుంచి, బాధితురాలి కులం తెలిసి నేరం చేస్తే చాలని మార్చారు గానీ, ఈ నేరం అంతకుముందుది. తప్పు న్యాయమూర్తులదే అని తేల్చేస్తే తేలిగ్గా ఉంటుంది. ఆమె ఎస్సీ కావడమూ, చూపు లేకపోవడమూ కలిసి ఆ దుర్మార్గుడికి ధైర్యమెట్లా ఇచ్చాయన్నది దర్యాప్తులోనే అడగాల్సిన ప్రశ్న. అది అడిగే పద్ధతి పోలీసులకు ఎవరు నేర్పారు?

పేరు మాత్రం మార్చారు. 2015 డిసెంబరులో ప్రధాని 'దివ్యాంగ్' అన్నారు. దేవుడితో చుట్టరికం కలిపే పేర్లు మనకు కొత్త కాదు గదా! 'హరిజన' పేరుని చట్టంలోకి ఎక్కించబోతే 1938లో అంబేడ్కర్ బొంబాయి శాసనసభ నుంచి తన పార్టీ వాళ్ళతో వాకౌట్ చేశారు. ఇక ఆ దివ్యత్వం ఖరీదు: 80 శాతం వైకల్యం ఉన్న పేదవాళ్ళకి కేంద్రం వాటా నెలకు 300 రూపాయలు. 2012లో వేసిన అంకె అది.

2023లో తెలంగాణ 4,016, 2024లో ఆంధ్రప్రదేశ్ 6,000 చేశాయంటే ఊరికే చెయ్యలేదు. దండోరా నడిపిన మంద కృష్ణ మాదిగ వికలాంగుల పోరాటాన్నీ నడిపించడం, పింఛను సభలకు జనం కదిలిరావడం చిన్న సంగతి కాదు. అయినా ఆ సభల్లోనూ ఎక్కువగా వినిపించింది పింఛను మాటే. 37వ సెక్షను 5 శాతంలో దళితుల వాటా ఎంత, వికలాంగుల కోటాలో ఉద్యోగాలు ఏయే కులాలకు పోయాయి, అట్రాసిటీ కేసుల్లో బాధితుల వైకల్యాన్ని ఎఫ్ఐఆర్ నుంచే ఎందుకు నమోదు చెయ్యరు అన్న ప్రశ్నలు ఇప్పుడు ఆ రెండు ఫైళ్ళ ముందూ ఒకేసారి పెట్టాలి.