దిగడం చూసి ఎక్కాలి

షుగరు ముదిరి మా పెదనాన్నకు కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. డెబ్బయ్యొకటో ఏట బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి కొనుక్కుంటానన్నారు. కొట్లో కుర్రాడు స్పీడు గురించీ మైలేజీ గురించీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. అంతా విని పెదనాన్న అడిగిందొకటే: "అబ్బాయ్, ఇది దిగడమెలాగో చూపించు." కుర్రాడు చెంగున దిగి చూపించాడు. "అలా కాదు, నాలా దిగు" అన్నారు.

అప్పట్నుంచి నేనూ బండిని ఆగి ఉన్నప్పుడే చూడటం నేర్చుకున్నాను. సీటు మరీ ఎత్తుగా లేకుండా మంచం ఎత్తుకు సరిపోతుందా, పక్కనున్న చేతిరెక్క పైకి మడుచుకుంటుందా, చేతిబ్రేకు వేశాక ఒంటి బరువంతా మోపినా చక్రం కదలకుండా ఉంటుందా. ఒక బండికి చంకకర్రలు పెట్టుకునే గొట్టాన్ని వెనకాల బ్యాటరీ పెట్టె పక్కన వెల్డింగ్ చేశారు. అతుకు నున్నగానే ఉంది. కానీ ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి దాన్ని అందుకోవాలంటే మూడో చెయ్యి మొలవాలి.

మూడు చక్రాల బండి మలుపులో సైకిల్‌లా లోపలికి వాలదు. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి, మలుపుకు బయటివైపున, ఒక గీత ఊహించుకోండి. బరువు ఆ గీత దాటితే బోల్తాయే. అందుకే పని తెలిసినవాడు బ్యాటరీని సీటు కింద, వెనక ఇరుసు దగ్గరగా, వీలైనంత కిందికి దించుతాడు. మనిషి కాలు ఒంటి బరువులో సుమారు ఆరో వంతు. కుడికాలు లేకపోతే బరువు ఎడమకు జరుగుతుంది కాబట్టి, కుడికి తిప్పినప్పుడు బండి ఎడమకు తూలడం ఎక్కువ. వెనక చక్రాల మధ్య ఎడం ఎంతుందో కొలవాల్సింది అందుకే.

ఎక్కడం, దిగడం అనే బాధనే తీసేసిన పనితనం ఒకటుంది. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ సంస్థ 2021లో తెచ్చిన నియోబోల్ట్ నిజానికి విడి బండి కాదు, చక్రాల కుర్చీకి ముందు తగిలించే మోటారు చక్రం. తగిలించగానే కుర్చీ ముందు చక్రాలు నేలను వదులుతాయి, కుర్చీయే బండి అవుతుంది. ఒక ఛార్జికి 25 కిలోమీటర్లు. బజారు చేరాక దాన్ని విప్పేసి అదే కుర్చీలో కొట్లోకి వెళ్లొచ్చు. నాకిది చూడముచ్చటగా తోచింది.

కాకపోతే ఇలాంటి తగిలింపుల్లో నడిపే చక్రం ముందుంటే, దాని మీద బరువు పడాలి. ఆ బరువులో కాళ్లదీ కొంత వంతు ఉంటుంది. రెండు కాళ్లూ పోయినవారు ఎత్తు ఎక్కుతుంటే ఆ చక్రం పట్టు దొరక్క ఊరికే తిరగొచ్చు. కుర్చీలు చేసేవాళ్లకిది పాత సంగతే: అలాంటివారికి వెనక ఇరుసును అంగుళమో రెండంగుళాలో వెనక్కి జరుపుతారు, లేకపోతే వెల్లకిలా పడతారు.

లైసెన్సు గొడవ వద్దనుకుంటే మోటారు 250 వాట్లు, వేగం 25 కిలోమీటర్ల లోపని పరీక్షా సంస్థ ధ్రువీకరించిన బండి చూసుకోవాలి. ఈ వయసులో అంతకంటే వేగం ఎందుకో నాకు తెలీదు.

చివరగా నన్ను ఆపేసింది పాదం పెట్టుకునే పలక. షుగరున్నవారికి మిగిలిన పాదానికి స్పర్శ తగ్గొచ్చు. వెల్డింగ్ ముక్క గీరుకున్నా తెలీదు, ఆ గాయం రెండో కాలినీ అడుగుతుంది. నాలుగో కొట్లో పలక అడుగున వేలు పెట్టి తడిమాను. అంచంతా లోపలికి మడిచి, పైన రబ్బరు తొడిగారు. కనిపించని చోట ఆ మడత పెట్టిన చెయ్యి ఎవరిదో గానీ దండం పెట్టాలి.

పెదనాన్న ఆ బండి మీంచి నాలుగుసార్లు దిగారు. అయిదోసారి ఎక్కి కూర్చుని, చంకకర్రలు గొట్టంలో పెట్టి, జేబులోంచి డబ్బు తీశారు.