చట్టం మాత్రమేనా?

'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' సినిమాని మొదటిసారి చూసినప్పుడు నేను పడీపడీ నవ్విన సన్నివేశం ఒకటుంది. రెండోసారి చూసినప్పుడు అక్కడ నవ్వలేకపోయాను.

సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్ళనీ చూసుకుంటానని జాన్ డాష్‌వుడ్ మరణశయ్య మీదున్న తండ్రికి మాటిస్తాడు. తర్వాత భార్య ఫానీతో లెక్కలు మొదలుపెడతాడు. మూడు వేల పౌండ్లిద్దామంటాడు. అది పదిహేను వందలవుతుంది. తల్లికి ఏడాదికి వందిస్తే చాలదా అనుకుంటారు. ఆమె ఎక్కువకాలం బతికితేనో అని భయం పుడుతుంది. చివరికి అప్పుడప్పుడూ ఇరవై పౌండ్లిస్తే సరిపోతుందన్న దగ్గరికి వస్తారు. నవలలో ఇది ఇంకా కిందికి దిగుతుంది. ఆ కాలానికి దొరికే చేపలూ వేటమాంసమూ కానుకగా పంపితే చాలునట! ఇద్దరిలో ఒక్కరూ తాము చెడ్డపని చేస్తున్నామనుకోరు. ఆ సన్నివేశంలోని హాస్యమంతా అక్కడే ఉంది.

1995లో ఆంగ్ లీ తీసిన ఈ సినిమాకి స్క్రీన్‌ప్లే రాసింది, ఎలినార్ పాత్ర వేసింది ఎమ్మా థాంప్సన్. ఆ రచనకి ఆమెకి ఆస్కార్ వచ్చింది. పెద్దగా మాటలు లేకుండానే ఎలినార్ దుఃఖాన్ని ఆమె మోసిన తీరు, కేట్ విన్స్‌లెట్ మేరియన్ వానలో తడుస్తూ కొండమీద నిలబడే తీరు చాలామంది రాశారు. నేను మాట్లాడదలుచుకున్నది మార్గరెట్ గురించి. నవలలో మూడో చెల్లెలు ఉందా లేదా అన్నట్టుంటుంది. థాంప్సన్ ఆమెని తీసుకొచ్చి ముందు నిలబెట్టింది. అట్లాసులు చూసే పిల్ల, బల్లకింద దాక్కునే పిల్ల, చెట్టుమీది గూటిలోంచి దిగనని మొండికేసే పిల్ల. మన ఇంట్లోకి వాళ్ళెందుకొస్తున్నారని అడిగేది ఆమే. ఇళ్ళు తండ్రినుంచి కొడుక్కే వెళ్తాయనీ, కూతురికి కాదనీ, అది చట్టమనీ ఎలినార్ జవాబు చెబుతుంది. ఇంకోచోట ఎడ్వర్డ్‌తో, మీకు ఆస్తి వారసత్వంగా వస్తుంది, మాకు సంపాదించుకునే దారి కూడా లేదంటుంది. స్త్రీవాద ఉద్యమాలు చూసిన కాలం ఆ పాత్రల చేత మాట్లాడించిన మాటలివి. విన్నప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది.

కానీ నవలని మళ్ళీ చదివినప్పుడు ఒక విషయం దగ్గర ఆగిపోయాను. ఆస్టిన్ కథలో నార్లండ్ ఎస్టేటు ఈ ఆడవాళ్ళ చేతికి రాకుండా చేసింది చట్టం కాదు, ఒక వీలునామా. ఎస్టేటు యజమాని అయిన ముసలి డాష్‌వుడ్ చివరి రోజుల్లో, పదేళ్ళపాటు ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నది ఈ తల్లీ కూతుళ్ళున్న కుటుంబమే. అప్పుడప్పుడూ చూడటానికొచ్చే జాన్ కొడుకు, నాలుగేళ్ళవాడు, వచ్చీరాని మాటలతో, అల్లరితో ఆయన మనసు దోచుకుంటాడు. ఆస్తి చివరికి ఆ పిల్లవాడికే చేరేలా ఆయన రాసిపోతాడు. ఆడపిల్లలకి తలా వెయ్యి పౌండ్లు వదిలాడు, అభిమానానికి గుర్తుగా. ఆయనకి వాళ్ళమీద కోపం లేదు. ప్రేమే ఉంది. ఆ ప్రేమలో మగపిల్లవాడి చిలిపితనం తూకం, ఆడవాళ్ళ పదేళ్ళ సేవ తూకం కన్నా బరువైంది.

సినిమా దీన్ని తీసేసి చట్టాన్ని పెట్టింది. రెండు గంటల సినిమాకి అది సులువు. ప్రేక్షకుల కోపానికీ అది సులువు. పాతకాలపు దుర్మార్గపు చట్టం, ఇప్పుడు లేదు కదా అనుకుని ఇంటికి పోవచ్చు. ఆస్టిన్ అలా పోనివ్వదు. చట్టం బలవంతపెట్టని చోట కూడా కుటుంబం ఏం చేస్తుందో ఆమె చూపించింది.

ఇదే నవల ఆధారంగా 2000లో రాజీవ్ మీనన్ తమిళంలో తీసిన సినిమా తెలుగులో 'ప్రియురాలు పిలిచింది'గా వచ్చింది. టబు, ఐశ్వర్యారాయ్ అక్కాచెల్లెళ్ళు. పాటలే గుర్తుంటాయి మనకి. కానీ అందులో మంచంపట్టిన తండ్రికి సేవ చేసింది కూతురు. ఆయన పోయాక బయటపడిన వీలునామాలో ఆస్తంతా కొడుక్కి. ఈ ఒక్క విషయంలో ఆ సినిమా థాంప్సన్ కన్నా ఆస్టిన్‌కి దగ్గరగా ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు. తమిళనాడులో 1989 నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి చట్టం వాటా ఇచ్చింది. ఇల్లు కొడుక్కే వెళ్తుంది, అది చట్టం అని ఇక్కడి పాత్ర చేత చెప్పించడం కుదరదు.

ఆంధ్రప్రదేశ్ అంతకన్నా ముందు, 1986లో చేసిన సవరణని 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి తెచ్చింది. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకి అది వర్తించలేదు. నా పెళ్ళి 1982లో. 2005లో కేంద్రం చేసిన సవరణతో పెళ్ళితో పనిలేకుండా నాకూ హక్కొచ్చింది. నాన్న 2006లో పోయారు. ఆ మరుసటి ఏడు తమ్ముడు హక్కు విడుదల దస్తావేజు తీసుకొచ్చాడు. "నీకేం లోటక్కా?" అన్నాడు. "పుట్టింటికి రాకపోకలుండాలి గదమ్మా" అంది అమ్మ. ఇరవయ్యేళ్ళు ఆస్తిహక్కు మీద సభల్లో మాట్లాడినదాన్ని, రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసి, సంతకం పెట్టి, పట్టుచీర తీసుకుని వచ్చాను. ఎవరూ బెదిరించలేదు. తర్వాత మూడేళ్ళు వేసవిలో మామిడిపళ్ళ బుట్ట వచ్చింది. నాలుగో ఏడు రాలేదు.

రెండోసారి సినిమా చూసింది ఆ వేసవిలోనే. జాన్ మీద నవ్వు రాకపోవడానికి కారణం మా తమ్ముడొక్కడే కాదు. ఆ బేరంలో నేనూ ఉన్నాను. మూడు వేల పౌండ్లు మామిడిపళ్ళుగా మారుతుంటే అడ్డుచెప్పకుండా కూర్చున్నదాన్ని నేనే. ఎలినార్‌కి చట్టమనే సాకైనా ఉంది.

సినిమా చివర పెళ్ళి ఊరేగింపులో కల్నల్ బ్రాండన్ నాణేలు గాల్లోకి ఎగరేస్తాడు. దూరాన కొండమీద గుర్రమెక్కిన విల్లోబీ చూస్తుంటాడు. అందమైన దృశ్యం. డబ్బు లెక్కలతో మొదలైన కథ గాల్లో మెరిసే డబ్బుతో ముగుస్తుంది. ఆ నాణేల్లో ఒక్కటీ మేరియన్‌ది కాదు. ఇది సినిమా గమనించిందో లేదో నాకు తెలియదు.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. సంపాదించుకునే దారి లేదని సినిమాలో ఎలినార్ అంటుంది. ఆ పాత్రని సృష్టించినామె 1811లో పేరు దాచుకుని, 'ఒక మహిళ' అని మాత్రం వేసుకుని, నష్టమొస్తే తనదే అన్న ఒప్పందంతో ఈ నవల అచ్చు వేయించింది. మొదటి ముద్రణకి నూట నలభై పౌండ్లు మిగిలాయి. 1817లో చనిపోయే ముందు ఆమె కూడా ఒక వీలునామా రాసింది. చిన్న మొత్తాలు రెండు పోగా మిగిలిందంతా అక్క కసాండ్రాకి.

నాకూ ఒక కొడుకు, ఒక కూతురు. నా సంపాదనతో కట్టుకున్న రెండు గదుల ఇల్లుంది. వీలునామా రాయడానికి కాగితం ముందేసుకున్నప్పుడల్లా, మనవడి ముద్దుమాటలు గుర్తొచ్చి చెయ్యి ఆగుతోంది. ముసలి డాష్‌వుడ్ నాకు ఇప్పుడు బాగా అర్థమవుతున్నాడు. అందుకే ముందు కూతురి పేరు రాయాలి.