గాలి పోయే దారి

మనిషి దగ్గరికొస్తే ఉబ్బి, వెళ్లిపోతే వాలిపోయే గాలిబొమ్మకు కావలసిన సామాను తక్కువే: కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్, ఒక ఆర్డుయినో, చిన్న పంపు, రెండు సోలెనాయిడ్ వాల్వులు, అంచులు వేడితో అతికించిన ప్లాస్టిక్ సంచి. హైదరాబాద్ శివారు పోచారం ఇన్ఫోసిస్‌లో పనిచేసేవాళ్లకు దీని కోడ్ ఓ పూట పని. అయినా ఇలాంటి బొమ్మలు చాలావరకు ఒకసారి ఉబ్బాక అలాగే బిగుసుకు కూర్చుంటాయి. చేసేవాళ్ల ధ్యాసంతా గాలి నింపడం మీదే ఉంటుంది మరి. ఈ విద్యలో అసలు పనితనం గాలిని వదలడంలో ఉందని నా వాదన.

నింపేటప్పుడు వెనక నుంచి పంపు నెడుతుంది. వదిలేటప్పుడు నెట్టేదెవరు? రబ్బరు బుడగైతే సాగిన ఒళ్లే ముడుచుకుని గాలిని తరిమేస్తుంది. ప్లాస్టిక్ సంచికి ఆ గుణం లేదు. లోపలి పీడనం బయటి పీడనానికి దగ్గరయ్యేకొద్దీ ప్రవాహం నీరసించి, ఆఖరి గాలి లోపలే తచ్చాడుతుంది. సెన్సర్ రెప్పపాటులో కబురందించినా సంచి తీరిగ్గా కదులుతుంది. షాపుల ముందు చేతులు విసురుతూ ఊగే గుడ్డబొమ్మను చూడండి. దానికి సెన్సరూ లేదు, వాల్వూ లేదు. కింద ఫ్యాను, పైన గాలి పోయే సందులు. వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది కాబట్టే ఆ ఆట. 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం పీటర్ మిన్‌షల్, డోరన్ గజిట్ అనే కళాకారుల చేతిలో పుట్టిందది. అంతదూరం ఎందుకు, నాచారం దాటితే ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. 50 ఏళ్లకు పైగా పాలిథీన్ బెలూన్లను స్ట్రాటోస్ఫియర్‌కు పంపుతోంది. పైకెళ్లేకొద్దీ వ్యాకోచించే వాయువుకు కింది భాగంలో గొట్టాలు తెరిచి ఉంచకపోతే ఆ పలుచని ఫిల్ము చిరిగిపోతుంది.

పెద్ద పంపు పెడితే సరిపోదా అంటారు. నింపే వేగం పెరుగుతుంది, రొదా పెరుగుతుంది, వదిలేటప్పుడు మాత్రం ఒరిగేదేమీ లేదు. పంపు పీల్చే వైపును సంచికి కలిపితే కొంత మేలు. అంతకన్నా సులువు, వాల్వు రంధ్రం పెద్దదిగా చూసుకోవడం, గొట్టం పొట్టిగా ఉంచడం, బొమ్మ తన బరువుకే కూలేలా కత్తిరించడం. సర్వో మోటారైతే ఈ తంటాలేవీ ఉండవుగా అన్న ప్రశ్న గట్టిదే. కచ్చితమైన కోణం కావాలంటే మోటారే వాడాలి. కానీ పసిపిల్ల వేలు అడ్డొస్తే గాలిసంచి తనంతట తానే నొక్కుకుపోతుంది. మోటారుకు ఆ సంగతి ఇంకో సెన్సర్ చెప్పాలి.

ఇక కరెంటు మాట. గాలి వదిలే వాల్వు, కరెంటు లేనప్పుడు తెరుచుకునే రకమైతే, సరఫరా పోగానే బొమ్మ మెల్లగా వాలిపోతుంది. అలాగైతే ఉబ్బి ఉన్నంతసేపూ వాల్వులోని కాయిల్‌కు కరెంటు ఇస్తూనే ఉండాలి, అది వేడెక్కుతుంది, బ్యాటరీని తినేస్తుంది అంటారు. నిజమే. జనం తిరిగేచోట పెట్టే బొమ్మకు ఆ ఖర్చు పెట్టాల్సిందే.