లోడరుకు పొద్దున్నే అరగంట

దక్షిణ అండమాన్‌లో, ఫెరార్‌గంజ్ తహసీలులోని ఊరు తుష్నాబాద్. అక్కడ పనిచేసే వీల్ లోడరు ఆగిపోయి, కావలసిన సీల్ కిట్ పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీవిజయపురం) దొరక్కపోతే, అది చెన్నై నుంచో విశాఖ నుంచో సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. చిన్న సామానైతే విమానంలో తెప్పించుకోవచ్చు. ట్రాన్స్‌మిషన్ పంపో టైరో అయితే ఓడ కోసం ఎదురుచూడటమే. ఈలోగా బండికి పని ఉండదు, కిస్తీ మాత్రం ఆగదు. అందుకే దీవుల్లో లోడరు ఆయుష్షు మెకానిక్ కన్నా ముందు, రోజూ పొద్దున్నే అరగంట బండిని చూసుకునే హెల్పర్ చేతిలో ఉంటుంది.

మనవాళ్లు బకెట్ ఉన్న ప్రతి యంత్రాన్నీ జేసీబీ అనేస్తారు. నిజానికి వీల్ లోడరు వేరే జాతి. దానికి ముందు చక్రాలు పక్కకు తిరగవు, బండే నడుములో వంగి మలుపు తిరుగుతుంది. ఆ నడుము దగ్గర పైనొకటి, కిందొకటి పిన్నులు. బండి తిరిగే తిరుగుడంతా వాటిమీదే. రోజూ గ్రీజు గన్ పట్టి, పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించే దాకా కొట్టాలి. ఏడాదికి 3000 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే చోట, ఉప్పుగాలిలో, ఆ గ్రీజే బుష్‌లోకి నీరు, ఇసుక చొరబడకుండా అడ్డుకుంటుంది. ఒక గ్రీజు నిపుల్ మూసుకుపోయిందని వదిలేస్తే పిన్ను అరుగుతుంది, తర్వాత బుష్, ఆ తర్వాత ఛాసిస్‌లోని రంధ్రమే కోలగా మారుతుంది. అప్పుడు ఆ రంధ్రాన్ని మళ్లీ గుండ్రంగా తొలిచే లైన్ బోరింగ్ తప్ప దారి లేదు. రూపాయల్లో పోయేది లక్షల్లోకి వెళ్లేది ఇలాగే.

గ్రీజు కొట్టేముందు బకెట్ నేలమీద దించాలి, ఇంజిన్ ఆపాలి, నడుముకు లాక్ బార్ తగిలించాలి. ఆ సందులో మనిషి ఉండగా స్టీరింగ్ కదిలితే నలిగిపోతాడు.

పొద్దున మరో రెండు పనులు. డీజిల్ ఫిల్టరు కింది వాటర్ సెపరేటర్ విప్పి నీళ్లు వదలాలి. సాయంత్రం పని దిగగానే ట్యాంకు నింపి పెడితే ఖాళీ జాగాలో రాత్రి చెమ్మ పట్టడం తగ్గుతుంది. తర్వాత ఆయిళ్లు: ఇంజిన్ ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ చాలా బండ్లలో వేడెక్కాక ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా చూస్తారు. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయన్నమాట. అలాగే నడిపితే పంపు పోతుంది.

ఇక రోగం కనిపెట్టడం. మంచి ఆపరేటర్ పానా పట్టకముందే ఒక ప్రశ్న వేస్తాడు: మందగించింది ఒక్క పనేనా, అన్నీనా? బూమ్, బకెట్, స్టీరింగ్ అన్నీ నెమ్మదించాయంటే ఆయిల్ తగ్గిందో, సక్షన్ జల్లెడ మూసుకుందో, పంపు అరిగిందో. పంపు గోలపెడుతుంటే గాలి పీలుస్తోందని అనుమానించాలి. బూమ్ ఒక్కటే బరువు ఎత్తి పట్టుకోలేక దిగిపోతుంటే సిలిండరు సీలో, కంట్రోల్ వాల్వో. నల్ల పొగకు మొదట ఎయిర్ ఫిల్టరు చూడాలి. నీలిపొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. వరుస ఎప్పుడూ చవకైనదాని నుంచి ఖరీదైనదానికి: ఆయిల్ స్థాయి, ఫిల్టరు, పైపు, ఆ తర్వాతే పంపు. ఈ వరుస తప్పి పంపు ఆర్డరిచ్చి, ఓడ వచ్చాక చూస్తే లోపం పైపులో ఉందని తేలడం దీవిలో చాలా ఖరీదైన పొరపాటు. హైడ్రాలిక్ లీకు మాత్రం చేత్తో తడమకూడదు. సూదిబెజ్జంలోంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకెళుతుంది. అట్టముక్క పెట్టి చూడాలి. దూసుకెళితే చిన్న గాయమే కదా అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వారిలో చాలా. కానీ బండితో వచ్చే కంపెనీ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. 250 గంటలకు ఇంజిన్ ఆయిల్, 500కు డీజిల్ ఫిల్టరు అని అందులో రాసి ఉంటుంది (బండిని బట్టి మారుతుంది). అవర్ మీటరు చూసి ఆ లెక్క పాటించడం హెల్పరుకు నేర్పేది మాత్రం పక్కన కూర్చున్న ఆపరేటరే.

లోడరు యజమానులకు ఒక్క మాట: ఆ పొద్దుటి అరగంటను పని గంటల్లో లెక్కగట్టి కూలీ ఇవ్వండి, హెల్పరును తీసేసి పొదుపు చేశామనుకోకండి.