నీళ్ల దగ్గరే ఆగిపోయే కథలు

పోలవరం ముంపు మీద తెలుగులో కథలు, కవితలు చాలానే వచ్చాయి. మా పక్షాన రాసినవే ఎక్కువ, ఆ మాట మేం కాదనం. అయినా మేం చదివినవాటిలో చాలా కథల్లో ఊరు ఒక్కసారే మునుగుతుంది, అదీ చివర్లో. నీళ్లొస్తాయి, ముసలాయన కదలనంటాడు, గుడిసె మునుగుతుంది, కథ అయిపోతుంది. ఆ ముసలాయన మాట్లాడే యాస ఏ ఊరిదో మాకు తెలియదు. పండుం అనాల్సిన చోట కూడా పండుగ అనే అంటాడు.

మా ఊళ్లు ముందు అంకెల్లో మునిగాయి. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. మొదటి దశకు 41.15 మీటర్ల దగ్గర గీత గీశారు. గీత కింద ఉన్న ఊరికి పరిహారం ముందు, పైన ఉన్న ఊరికి తర్వాత. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. కూనవరం, వరరామచంద్రపురం వైపు గీతకు పైన ఉన్నాయని రాసుకున్న ఇళ్లలోకీ నీళ్లొచ్చాయి. గోదావరికి ఆ గీత ఎవరు చెప్పారు? జాబితాలో పేరు ఉందా, కొడుకుకి 18 ఏళ్లు ఏ తేదీకి నిండాలి, పోడు భూమికి పట్టా ఏది - వీటి మీద అన్నదమ్ములు మాటలు మానేశారు. ఇది రాయాలంటే కాగితాలు తిరగెయ్యాలి. పాపికొండల అందం రాయడం తేలిక.

'త్యాగం' అనే మాట కూడా మాకు మింగుడుపడదు. నాయకులు అంటే అన్నారు, కవులూ అదే అంటున్నారు. తనది తాను ఇస్తే త్యాగం. 2014లో ఖమ్మం జిల్లా ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది మమ్మల్ని అడిగి కాదు. 960 మెగావాట్ల కరెంటు, 7 లక్షల ఎకరాల ఆయకట్టు అని లెక్క చెప్పేవాళ్లు ఆ పొలాలు ఏ జిల్లాల్లో ఉన్నాయో కూడా చెప్పాలి.

అసలు కథ కాలనీలో ఉంది. అక్కడ కొండరెడ్డికి పోడు లేదు, జీలుగు చెట్టు లేదు. ఇప్పపువ్వు ఏరుకోను అడవి లేదు. కాలనీ ఏజెన్సీ బయట పడితే 1/70 చట్టం అక్కడ పనిచెయ్యదు. ఇచ్చిన భూమి గిరిజనేతరుడి చేతికి పోయినా అడ్డుకోడానికి ఆ ఆధారం ఉండదు. భూమి పండుగకు విత్తనాలు ఎక్కడ పెట్టాలో పెద్దలకే తెలియడం లేదు. బడిలో 'మా ఊరు' అని వ్యాసం రాయమంటే పిల్లలు, పాతదా కొత్తదా సార్ అని అడుగుతున్నారు. ఈ పిల్లల గురించి రాసిన కథ మాకింకా కనపడలేదు.