ఘాట్ రోడ్డు మీద ఏసీ పంపు

ఎస్.కోట దాటి బొడ్డవర దగ్గరికొచ్చాక అరకు ఘాట్ మొదలవుతుంది. పాత పెట్రోలు బండి గుణం బయటపడేది అక్కడే. మైదానంలో బుద్ధిగా పరిగెత్తిన జీపు డముకు మలుపుల్లోకి వచ్చేసరికి ఎక్కిళ్లు పెడుతుంది. రెండు కుదుపులు, సైలెన్సర్‌లో ఒక టపాకాయ, ఆపైన చప్పుడుండదు. చుట్టూ చేరిన నలుగురిలో ముగ్గురి మాట ఒకటే: "ఏసీ పంపు పోయినట్టుంది."

ఏసీ అంటే ఇక్కడ చల్లగాలి కాదు, ఆల్బర్ట్ చాంపియన్. ఫ్రాన్సులో సైకిలు పందాలు తొక్కి, అమెరికా వెళ్లి స్పార్క్ ప్లగ్గుల వ్యాపారం పెట్టిన మనిషి. ఆయన పేరులోని పొడి అక్షరాలతో వచ్చిన పెట్రోలు పంపు ఎంత పాకిందంటే, ఎవరు తయారు చేసినా మన షెడ్లలో అది ఏసీ పంపే. అంబాసిడర్‌కీ అదే పేరు, ఫియట్‌కీ అదే పేరు, మహీంద్రా 1947లో మొదలుపెట్టిన విలీస్ జీపుకీ అదే.

పంపు పని చాలా తేలిక. ఇంజన్ పక్కన రెండు బోల్టులతో వేలాడుతుంది. క్యామ్ షాఫ్ట్ తిరిగినప్పుడల్లా దాని లివర్‌ని తోస్తుంది, లివర్ లోపలి డయాఫ్రం పొరను లాగుతుంది, ట్యాంకులోంచి పెట్రోలు పైకొస్తుంది. దాన్ని కార్బురేటర్‌కి నెట్టేది మాత్రం స్ప్రింగు. కార్బురేటర్ నిండితే స్ప్రింగు ఆగుతుంది, లివర్ ఊరికే ఊగుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి మూడు నాలుగు పౌన్లు, అంతే. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో ట్యాంకులో మునిగి ఉండే ఎలక్ట్రిక్ పంపుది దానికి పది రెట్ల పైమాటే. అలాంటిది తెచ్చి కార్బురేటర్‌కి తగిలిస్తే లోపలి సూది ఆ ఒత్తిడిని ఆపలేదు, పెట్రోలు పొంగి వేడి ఇంజన్ మీద పడుతుంది. కొందరు ఆ ప్రయోగం చేస్తూనే ఉన్నారు, దేవుడు చూసుకోవాలి.

నా జీపు మొదటిసారి డముకు దగ్గర ఆగినప్పుడు నేనూ ఆ ముగ్గురి మాటే నమ్మి, తర్వాత విశాఖలో కొత్త పంపు కొన్నాను. డబ్బా పట్టుకుని ఘాట్ కింద ఒక షెడ్డుకి వెళ్తే, మేస్త్రి డబ్బా వైపు చూడనైనా చూడలేదు. బండిని కాసేపు నడిపించి, ఆపించి, పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది.

"పంపు బాగానే ఉంది బాబూ. మూతకి ఊపిరి లేదు. బయటి గాలి రాకపోతే అదెంతని లాగుతాది?"

చీపురు పుల్లతో మూతలోని సన్నటి కన్నం పొడిచాడు. ఆ రోజు ఘాట్ ఆగకుండా ఎక్కాం.

ఈ విద్యలో పంపు మార్చడం చివరి అరగంట పని. ముందున్నదంతా అనుమానం తీర్చుకోవడం. మూత, రబ్బరు గొట్టం, ఫిల్టరు, గాజు గిన్నె కింద వాషరు. గొట్టంలో వెంట్రుకంత చీలిక ఉంటే పెట్రోలు కారదు, గాలి పీలుస్తుంది, పైకి తడి కనిపించదు. ఎండాకాలమైతే ఇంకో మాయ. అరకు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది. పైకెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి పెట్రోలు తొందరగా ఆవిరవుతుంది. వేడెక్కిన ఇంజన్‌కి అంటుకున్న పంపులో పెట్రోలు కాక ఆవిరి నిండుతుంది. దానికి మందు తడి గుడ్డ, ఓ పావుగంట ఓపిక.

పంపు నిజంగా పోతే తానే చెబుతుంది. డయాఫ్రం చిరిగితే పంపు ఒంటికున్న చిన్న రంధ్రంలోంచి పెట్రోలు కారుతుంది. లేదా లోలోపలే ఇంజనాయిల్‌లో కలుస్తుంది. అప్పుడు డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగి ఉంటుంది, వాసన చూస్తే తెలిసిపోతుంది. కొన్ని పాత జీపుల్లో ఇదే పంపుకి రెండో పొర ఉండి అద్దం వైపర్‌ని గాలి లాగుడుతో తిప్పేది. అది చిరిగితే ఆయిల్ ఇంజన్‌లోకి పోయి నీలం పొగ వస్తుంది. పొగ చూసి పిస్టన్ రింగులు మార్పించి జేబు ఖాళీ చేసుకున్నవాళ్లు ఉన్నారు.

ఎమ్.జీ. లాంటి స్పోర్ట్సు కార్లలో, మన బేబీ హిందుస్థాన్‌లో ఉండే ఎస్.యూ. ఎలక్ట్రిక్ పంపుది చెవి విద్య. తాళం తిప్పగానే టిక్ టిక్ మని కొట్టి, నిండగానే ఆగాలి. ఆగకుండా కొడుతుంటే ట్యాంకు ఖాళీ, లేదా గాలి పీలుస్తోంది. అసలు కొట్టకపోతే పాయింట్లు కాలి ఉండొచ్చు. స్పానర్ పిడితో మెల్లగా తడితే ఇల్లు చేరేదాకా నడవనూవచ్చు.

రెండేళ్లకు నా జీపు పంపు నిజంగానే కారింది. సీటు కింది డబ్బా గర్వంగా తీశాను. మేస్త్రి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి లివర్లు కొలిచాడు. బోల్టు కన్నాలు ఒకటే, ఆకారం ఒకటే, లివర్ వంపు వేరు. బిగించి ఉంటే లివర్ విరిగేది, లేదా పంపే పగిలేది.

పాతదాన్నే విప్పాడు. విప్పేముందు పై సగానికీ కింది సగానికీ కలిపి ఆకురాయితో ఒక గీత గీశాడు, మళ్లీ అదే దిక్కున కూర్చోవాలిగా. వాల్వులను నోటితో పీల్చి, ఊది చూశాడు. కొత్త పొర వేసి స్క్రూలు వేళ్లతో పట్టించాక, ఎడమచేత్తో లివర్‌ని చివరిదాకా నొక్కిపట్టి, అప్పుడు ఎదురెదురు స్క్రూలు బిగించుకుంటూ వచ్చాడు. నొక్కకుండా బిగిస్తే పొర బిగుతుగా ఉండిపోయి, మొదటి ఘాట్‌కే అంచున చిరుగుతుందట. రిపేరు కిట్టు విషయంలోనూ పట్టింపే. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు ఉబ్బుతుంది. ఏళ్ల తరబడి అల్మారాలో పడున్న కిట్టు చవగ్గా ఇస్తామన్నా తీసుకోడు.

బండికి ఎక్కించేముందు హ్యాండిల్ వేసి ఇంజన్ కొంచెం తిప్పమన్నాడు. క్యామ్ మీది ఎత్తు అవతలికి పోతే లివర్ వదులుగా కూర్చుంటుంది, బోల్టు మరలు పోవు. తర్వాత కాయిల్ వైరు పీకి, కార్బురేటర్ గొట్టాన్ని సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించాడు. పిచికారీలా నాలుగు చిమ్ములు పడ్డాయి.

"వెళ్లండి బాబూ," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. కొత్త పంపు ఇప్పటికీ సీటు కింద డబ్బాలోనే ఉంది.