కల్లంలో పడక

సంక్రాంతి దాటాక గుంటూరు నుంచి ప్రత్తిపాడు, పెదనందిపాడు మీదుగా పర్చూరు వైపు రాత్రిపూట వెళ్తే, రోడ్డుకు అటూ ఇటూ మిరప కల్లాల్లో టార్చిలైట్లు కనిపిస్తాయి. పరిచిన కాయల పక్కన ఒక మంచం, దానిమీద ముసుగుతన్ని పడుకున్న మనిషి. కోసిన పండుకాయ బరువులో సగానికి మించి నీరే. ఆ తేమ 10-11 శాతానికి దిగితే తప్ప కాయ నిల్వకు ఆగదు, మిర్చి యార్డులో మంచి ధర పలకదు. ఎండను బట్టి 10-15 రోజులు కాయ కల్లంలోనే ఉంటుంది. అన్ని రాత్రులూ ఇంట్లో ఎవరో ఒకరు అక్కడే పడుకోవాలి. దొంగ రావచ్చు, రాకపోవచ్చు. వానా అంతే. మంచు మాత్రం రోజూ కురుస్తుంది.

కొండలెక్కేవాళ్లు ఇప్పుడు బివీ బ్యాగు అనే సంచి వెంట తీసుకెళ్తున్నారు. ఒక మనిషి దూరి పడుకునేంత, నీళ్లు చొరని సంచి అది. డేరా మోయనక్కర్లేదు, చుడితే చేతిసంచిలో పడుతుంది. మన ఊళ్ల నుంచి కూడా కుర్రాళ్లు శ్రీశైలం అడవి దారుల్లో నడవడానికి వెళ్తూ ఆన్‌లైనులో ఇలాంటివి తెప్పించుకుంటున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: కొనేముందు ఒక రాత్రి మిరప కల్లంలో పడుకుని చూడండి. మన నేల మీద, మన గాలిలో ఆరుబయట నిద్రపోవడానికి ఏం కావాలో కల్లం కాపలావాళ్లకు తెలిసినంతగా ఏ కంపెనీకీ తెలియదు.

వాళ్లు పొద్దుగూకేసరికి కాయను రాశిగా పోగేసి పట్టలు కప్పుతారు. తెల్లారి మంచు ఆరి ఎండ పడ్డాకే పట్ట లాగి కాయను మళ్లీ పరుస్తారు. పచ్చి ఆరని కాయమీద ప్లాస్టిక్ పట్టను బిగించి రోజంతా వదిలేస్తే లోపల చెమటపట్టి, రంగు చెడి, బూజెక్కుతుంది. అఫ్లటాక్సిన్ విషం పుట్టేది ఆ బూజులోనే. ఎగుమతిదారు కాయను వెనక్కి పంపడానికి అదొక్కటి చాలు. పట్ట కింద మనిషి గతీ ఇంతే. రాత్రంతా ఊపిరితోనూ ఒంటిమీంచీ మన నుంచి ఒక గ్లాసుడు నీరు ఆవిరవుతుంది. ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకుంటే ఆ నీరు బయటికి పోలేక లోపలే చుక్కకట్టి, కప్పుకున్న గుడ్డను తడుపుతుంది. మంచు పడకపోయినా మనిషి తడిసే లేస్తాడు. అందుకే తెలిసిన రైతు వాన వస్తే తప్ప పట్ట ఒంటిమీదికి లాక్కోడు. మంచానికి నాలుగు కర్రలు కట్టి పట్టను పైన పందిరిలా వేస్తాడు.

ఈ పందిరిలో చాలా తెలివి ఉంది. మబ్బులేని రాత్రి నేలా, దానిమీద ఉన్న ప్రతి వస్తువూ తమ వేడిని ఆకాశానికి వదిలేసి చల్లబడతాయి. చల్లబడ్డ వస్తువు మీద గాలిలోని తేమ నీరవుతుంది. పైన పట్ట ఉంటే చల్లబడేది పట్ట, తడిసేది పట్ట. కింద మనిషి వెచ్చగా, పొడిగా ఉంటాడు. వేపచెట్టు కింద పడుకుంటే మంచు తక్కువగా తగిలేదీ ఇందుకే.

ఇక కప్పుకునేది బొంత. నా దృష్టిలో ఈ మైదానంలో పుట్టిన పనితనాల్లో దానికి రావాల్సినంత పేరు రాలేదు. బాగా ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు రెండు మూడు తీసుకుంటారు. చిరుగులున్నవి లోపలికి, గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ. వసారాలో నేలమీద ముడతలేకుండా పరిచి, మూలల్లో బరువులు పెట్టి, ముందు పెద్దకుట్లతో పొరలన్నీ ఒకచోట నిలబెడతారు. తర్వాత అంచు నుంచి మొదలుపెట్టి వేలెడు ఎడంలో వరసకు వరస కుట్టుకుంటూ లోపలికి వస్తారు. ఈ ఎడంలోనే ఉంది పని. కుట్టు మరీ దూరమైతే రెండు ఉతుకులకే లోపలి గుడ్డ ఒక మూలకు పోగవుతుంది. మరీ దగ్గరైతే బొంత అట్టలా బిగిసి, పొరల మధ్య గాలి నిలవదు. వెచ్చదనమిచ్చేది గుడ్డ కాదు, ఆ నిలిచిన గాలే. రెండు చీరల బొంత కిలోకు అటూ ఇటూ తూగుతుంది. జనవరి రాత్రి ఇక్కడ ఉష్ణోగ్రత 17-18 డిగ్రీలకు దిగుతుంది, ఆ చలికి అది చాలు. ఈమధ్య పైపొరగా పాలిస్టరు చీర వేస్తున్నారు. ఒంటికి తగిలేవైపు నూలే ఉంచితే అదీ మంచిదే. పైన పడ్డ మంచు త్వరగా ఆరిపోతుంది.

గొంగళి మన పక్క పుట్టింది కాదు. ప్రకాశం, నెల్లూరు గొర్రెకు ఉన్ని రాదు, వెంట్రుకే. నల్ల ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రె రాయలసీమలో, తెలంగాణలో ఉంది. గొంగళ్లు అటునుంచే వచ్చాయి. చింతగింజల గంజి పట్టించిన పడుగుతో గుంటమగ్గం మీద నేస్తారు. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియదు, జల్లులో కూడా వెచ్చదనం చావదు. గొర్రెల కాపరి దాన్ని తలమీద ముసుగు మడిచి కప్పుకుంటే అదే గొడుగు, అదే దుప్పటి. కాకపోతే బరువు. నడిచేవాడి వీపుకు అది ఎక్కువే.

ఇక మార్కెట్లో దొరికే ఖరీదైన బివీ సంచుల సంగతి. వాటిలో చాలావాటికి గోర్‌టెక్స్ లాంటి పొర ఉంటుంది. అమెరికాలో బాబ్ గోర్ 1969లో కనిపెట్టిన ఆ పొరలోని రంధ్రాలు నీటిచుక్కను ఆపి ఆవిరిని వదులుతాయి. కానీ ఆవిరి బయటికి పోవాలంటే లోపలికన్నా బయట తేమ తక్కువ ఉండాలి. చలిదేశపు కొండమీద అది సరిపోతుంది. బాపట్ల, చీరాల దగ్గర తెల్లవారుజామున గాలే తడితో నిండి ఉంటుంది, ఇక ఆవిరి నెమ్మదిగానే పోతుంది. అంత డబ్బుపోసి ఇక్కడ కొనొద్దని నేను గట్టిగా చెబుతాను.

కుట్టించుకోవడం మేలు. అడుగుభాగానికి రెయిన్‌కోటు గుడ్డ, ఒకే ముక్క, నేలకు తగిలేచోట అతుకు ఉండకూడదు. దాన్ని రెండు పక్కలా జానెడు పైకి మలవాలి. పైభాగానికి ఒత్తుగా నేసిన నూలుగుడ్డ. ఐదున్నర అడుగుల మనిషికి పొడవు ఏడడుగులు, వెడల్పు భుజాల దగ్గర 85 సెంటీమీటర్లు, పాదాల దగ్గర 60. ఇంతకంటే బిగువైతే లోపలి బొంత నలిగి గాలి పోతుంది. ముఖం దగ్గర దోమతెర, దాన్ని ముక్కుకు తగలకుండా ఎత్తి ఉంచే ఒక వంచిన బెత్తం. తెర ఒంటికి ఆనితే దోమ దాంట్లోంచే కుడుతుంది. అతుకుల మీద మైనం రుద్దాలి. గుడ్డ ఊపిరి వదులుతుందో లేదో కొట్లోనే చూడొచ్చు: వేడినీళ్ల గ్లాసు మీద గుడ్డ బిగించి, పైన స్టీలు పళ్లెం పెడితే నిమిషంలో పళ్లేనికి చెమట పట్టాలి. పట్టకపోతే ఆ గుడ్డ అడుక్కే పనికొస్తుంది.

సంచికి నేను ఇచ్చే అసలు విలువ మాత్రం వేరు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది, కాటు నొప్పి సరిగా తెలియదు. మంచం ఎత్తు అందుకు మొదటి కాపు. మంచం లేనివాళ్లకు అడుగూ తెరా కలిపి కుట్టిన సంచి ప్రాణరక్ష. ఇంకొకటి: మిరపకాయ నింపిన గోతాన్ని పక్కగా వేసుకోకూడదు. ఆ ఘాటు ఉత్త నీళ్లకు వదలదు, నూనెకో సబ్బుకో కరుగుతుంది. కళ్లకూ ఊపిరికీ రాత్రంతా మంటే. రాశికి ఎగువగాలిన పడుకోవాలి.

ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు వైపు నుంచి పత్తి తీతకూ మిరప కోతకూ ఏటా కుటుంబాలు దిగుతాయి. పిల్లా జెల్లా వెంట ఉంటారు, గిన్నెలూ, బొంతలూ అన్నీ ఒక మూటలో పట్టాలి. మూటకు పట్టనిది ఊళ్లోనే ఉండిపోతుంది. తేలిక పడక ఎవరికన్నా ముందు కావాల్సింది వాళ్లకే. పొలం గట్టునో, రోడ్డు పక్కనో, పాత బరకాల గుడారాల్లోనో నెలల తరబడి పడుకుంటారు. మనిషికొక సంచి కుట్టిస్తే పోయేది ఎంత? రైతులు కోత మాట్లాడుకునేటప్పుడే కూలి, ప్రయాణం ఖర్చులతోపాటు నాలుగు వెదుళ్లు, ఒక కొత్త పట్ట, కిందికి మోపెడు వరిగడ్డి, మనిషికొక దోమతెర సంచి అని లెక్కలో రాసుకోవచ్చు. కూలీలు దిగే రోజుకే పందిరి వేసి ఉంచితే, లారీ దిగిన రాత్రే పిల్లలు మంచులో పడుకోనక్కర్లేదు.